రాయి అనుకుని తీస్తే ఆకు

"నీలం రంగు రాతిమొక్కలు, నూరు విత్తనాలు" అని రాసి ఉన్న పొట్లంలోంచి మా ఇంట్లో మొలిచింది తోటకూర. పన్నెండు రోజులు భూతద్దం పట్టుకుని ఆ కుండీ ముందు కూచున్నాను. పదమూడో రోజు పొద్దున్న మా ఆవిడ వచ్చి ఓ ఆకు గిల్లి, నలిపి, వాసన చూసి, "ఏవండీ, ఇది తోటకూర" అని తేల్చేసింది. నెల తిరిగాక పప్పులో వేసింది. రుచి బాగానే ఉంది. పొట్లానికి పెట్టిన డబ్బు కలుపుకుంటే మా వంశంలో అంత ఖరీదైన పప్పు ఎవరూ తిని ఉండరు.

ఆన్‌లైన్లో అమ్మినవాణ్ణి తిట్టి లాభం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు చక్కెర మిల్లు ల్యాబులో కెమిస్టుగా చేసినవాణ్ణి, కొనేముందు నాలుగు పుస్తకాలు తిరగేసి ఉండాల్సింది. రాతిమొక్కల్లో ఇటుక రంగుంది, బూడిద రంగుంది, గోధుమ రంగుంది, ఆవపచ్చ ఉంది. నీలం మాత్రం లేదు. నీలం కంప్యూటరులో వేసింది. అసలు విత్తనం నశ్యం పొడిలా ఉంటుంది, అరచేతిలో పోసుకుని గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. నాకొచ్చినవి నల్లగా, నున్నగా, వేళ్ళతో పట్టుకోగలిగేలా ఉన్నాయి. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు.

రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. మా సామర్లకోటలో నాతోపాటు దిగిపోయినవాళ్ళలో ఒకరు సాయంత్రాలు భజనలకి వెళ్తున్నారు, ఒకరు షేర్లు చూసుకుంటున్నారు. నన్ను ఈ ఆకులు పట్టుకున్నాయి. వాటి ఊరు దక్షిణాఫ్రికా పడమటి వైపు, కొంత నమీబియా. వీటి సైజు వేలి గోరు నుంచి ఉసిరికాయ దాకా. చూస్తే ఆకని ఎవరూ అనుకోరు.

లితాప్స్‌తోనే మొదలెడతాను, ఆ తోటకూర అవతారం ఎత్తింది అదే కాబట్టి. గ్రీకులో ఆ పేరుకి రాతి మొహం అని అర్థం. మొక్క మొత్తానికి ఉండేవి రెండే ఆకులు. రెండూ దళసరిగా ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, పైన మధ్యలో చిన్న చీలిక. పిల్లలాడుకునే బొంగరాన్ని ఇసుకలో నిలువుగా పాతి, పై మొహం మాత్రం బయటికి వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ మొహం మీద మచ్చలు, గీతలు, నరాల్లాంటి చారలు, చుట్టూ పడి ఉన్న గులకరాళ్ళ మీద ఏ రంగులుంటే అవే. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఎద్దుబండి మీద ఆ దేశం లోపలికి వెళ్తూ, ఆరెంజ్ నది దగ్గర ప్రిస్కా అనే చోట నేల మీద వింతగా ఉన్న గులకరాయి కనిపిస్తే వంగి తీశాడు. తీశాక తెలిసింది అది మొక్కని. తర్వాత ఏడ్రియన్ హవర్త్ దానికి పెట్టిన లాటిన్ పేరులో బొంగరం ఆకారపుది అన్న మాటే ఉంది. ఆ బొంగరాల్ని విడిగా లితాప్స్ అని ఒక ప్రజాతిగా కట్టింది ఎన్.ఇ. బ్రౌన్, 1922లో. స్థానికులకి ఈ శాస్త్రం అక్కర్లేదు. ఆఫ్రికాన్స్ మాట్లాడే రైతులు వీటిని ఆవు గిట్టలంటారు. చీలిక చూస్తే ఆ పేరే బాగుందనిపిస్తుంది.

ఈ మొక్కల వెంటపడి తిరిగినవాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి డెస్మండ్ కోల్. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు కాడు, జొహన్నెస్‌బర్గ్‌లో ఆఫ్రికా భాషల ప్రొఫెసరు. త్స్వానా భాషకి వ్యాకరణం రాశాడు. భార్య నౌరీన్‌తో కలిసి ఏళ్ళ తరబడి దుమ్ము దారుల్లో తిరిగి, లితాప్స్ పెరిగే ఒక్కొక్క తావుకీ ఒక్కొక్క నంబరు వేసుకుంటూ పోయాడు. అలా దాదాపు నాలుగు వందల నంబర్లు. ఈనాటికీ పెంపకందార్లు మొక్క పక్కన కోల్ నంబరు రాసుకుంటారు, గోత్రం చెప్పుకున్నట్టు. వ్యాకరణం రాసే చేతికి తావుకీ తావుకీ మారే చారల తేడాలు పట్టుకోవడం కష్టం కాలేదేమో అని నా ఊహ.

కాలింపాంగ్ వైపు కాక్టస్ నర్సరీల నుంచి మూడు లితాప్స్ తెప్పించాను. వేళ్ళకి మట్టి లేకుండా, కాగితంలో చుట్టి పంపారు. విప్పితే మూడు ఎండు ఉసిరికాయల్లా ఉన్నాయి. ఇసుకా, ఇటుకపొడీ, చిన్న కంకరా కలిపి నాటాను. ఆగస్టు వానల్లో రెండు పోయాయి. పొద్దున్న గట్టిగా ఉన్నది సాయంత్రానికి వేలితో ముట్టుకుంటే పులిసిన పిండిలా జారిపోయింది. మిగిలిన దాన్ని వసారాలో తూర్పు ఎండ పడేచోట, పైన గాజు పలక అడ్డం పెట్టి కాపాడాను. అది లెస్లియై అనే రకం. అక్టోబరు చివర్లో చీలికలోంచి ముక్కు బయటపెట్టి, ఓ మధ్యాహ్నం పసుప్పచ్చ పువ్వు విచ్చింది. పువ్వు విచ్చుకుంటే కింద మొక్క కనపడలేదు. సాయంత్రానికి ముడుచుకుని, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ విచ్చింది.

పువ్వు కన్నా చూడవలసింది తర్వాతది. చలికాలంలో ఆ రెండాకుల లోపల, చీలిక అడుగున, కొత్త జత తయారవుతుంది. పాత చీలిక తూర్పు పడమరలైతే కొత్తది ఉత్తర దక్షిణాలు, అంటే సరిగ్గా అడ్డంగా. పాత ఆకుల్లోని నీళ్ళన్నీ కొత్తవి తాగేస్తాయి. పాతవి ముడతలు పడి, మెత్తబడి, ఆఖరికి ఉల్లిపొరలా ఎండి చుట్టూ అంటుకుని ఉంటాయి. ఏడాదికి ఒకసారి ఈ తంతు. ఆ రెండు మూడు నెలలూ చుక్క నీరు పోయకూడదు. ఇది నేను కుండీ మీద రాసి పెట్టాను కూడా. ఫిబ్రవరిలో నేను కాకినాడ వెళ్ళిన రోజున మా ఆవిడ దాని ముడతలు చూసి జాలిపడి చెంబుడు నీళ్ళు పోసింది. "ప్రాణం పోతున్నట్టుంటే చూస్తూ ఊరుకోమంటారా" అంది. ఎండాల్సిన పాత ఆకులు మళ్ళీ ఉబ్బాయి, లోపల కొత్తవి ఇరుక్కుపోయాయి, ఓ పక్క చర్మం పగిలింది. చావలేదు గానీ ఆ మచ్చ ఏడాదంతా మోసింది. మచ్చ పోయింది మళ్ళీ కుబుసం విడిచాకే.

ఇంతకీ ఆకు అలా ఎందుకుండాలి? అప్పడాల పిండి ముద్ద ఒకటి ఉందనుకోండి. దాన్ని వత్తి అప్పడం చేస్తే ఎండలో గంటలో ఫెళఫెళలాడుతుంది. అదే ముద్దని ఉండగా ఉంచితే సాయంత్రానికి కూడా లోపల పచ్చిగానే ఉంటుంది. పిండి అదే, గాలి తగిలే ఒళ్ళు తక్కువ, అంతే. మన అరటాకూ టేకాకూ అప్పడాలు. వానలు పడే నేల వాటిది, వెలుతురు కోసం వెడల్పు చేసుకుని నీళ్ళు ఖర్చుపెట్టుకోగలవు. కరూ అని పిలిచే ఆ ఎడారిపాటి నేలలో, చాలా తావుల్లో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మనం కరువు సీమ అనే అనంతపురంలో దాదాపు 550 పడుతుంది, పోల్చుకోండి. అక్కడి మొక్కకి ఆకు అంటే విసనకర్ర కాదు, కుండ.

కుండకి మూత కూడా ఉండాలి కదా. అక్కడే నాకు మా ఊరి సంగతి ఒకటి తగిలింది.

1793లో, అప్పటిదాకా చూసుకున్న విలియం రాక్స్‌బరో వెళ్ళిపోయాక, మా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ మొక్కల తోట బాధ్యత బెంజమిన్ హైన్ అనే జర్మను వైద్యుడి చేతికొచ్చింది. తర్వాత ఆయన బెంగుళూరు, మద్రాసు వైపు వెళ్ళిపోయాడు. ఆ హైనే ఇండియా తోటల్లో పెరిగే రణపాల ఆకు నమిలి చూశాడు. పొద్దున్న పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి చప్పబడింది. సాయంత్రానికి కాస్త చేదు. ఈ ముక్క ఉత్తరంగా రాసి పంపితే 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈనాటికీ ఎడారి మొక్కల శ్వాస గురించి ఎవరు పాఠం చెప్పినా ఆ నాలుక దగ్గర్నించే ఎత్తుకుంటారు. సామర్లకోట స్టేషన్లో రైలు మారేవాళ్ళకి ఈ సంగతి తెలిసే దారి లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకే అరవై దాటాక తెలిసింది.

తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. మా పెరటి గోడ వారన రణపాల ఉంది, ఒక ఆకు పడేస్తే అంచునిండా పిల్లలు పెట్టేది. తెల్లవారుజామున ఐదింటికి ఓ ఆకు కోసి, రోట్లో నూరి, రసం పీహెచ్ కాగితం మీద వేశాను. రంగు నాలుగు గడి దగ్గర ఆగింది, పలచటి నిమ్మనీళ్ళ దారిలో. సాయంత్రం ఐదింటికి అదే కొమ్మ మీది పక్కాకు. ఈసారి ఐదున్నర. మర్నాడు మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. నాలుక మీద కూడా చిన్న ముక్క పెట్టుకుని ఉమ్మేశాను. హైన్ అబద్ధమాడలేదు. ఎండకి వాడిన గంగపాయలాకు తెల్లారగట్ల కోస్తే ఎక్కువ పుల్లగా ఉండడం వెనకా ఇదే కథ.

జరిగేది ఇది. మామూలు మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి తీసుకుంటుంది. తలుపు తీసినప్పుడల్లా లోపలి నీటి ఆవిరి బయటికి పోతుంది. ఈ మొక్కలు పగలు తలుపు తియ్యవు. రాత్రి చల్లబడ్డాక తెరిచి, ఆ వాయువుని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో నిలవ చేసుకుంటాయి. పచ్చి ఆపిల్‌లో పులుపు దానిదే. పొద్దెక్కాక తలుపులు బిగించి, ఆ పులుపుని విడగొట్టి, లోపలే వెలుతురుతో చక్కెర వండుకుంటాయి. రాత్రి లారీ సరుకు దింపుకుని, పగలు షట్టరు దించి లోపల పనిచేసుకునే కొట్టు లాంటి ఏర్పాటు. నా ఉద్యోగమంతా రాత్రి డ్యూటీల్లో చెరకు రసం పులుపు కొలవడంతోనే గడిచింది. రాత్రి డ్యూటీ చేసే ఆకులంటే నాకు కొంచెం పక్షపాతం ఉండడం సహజం.

ఇక కిటికీల సంగతి. కుండ నేలలో పాతిపెట్టుకుంటే ఎండా, గాలీ, మేకా తగలవు. కానీ చీకట్లో వంట ఎలా? అందుకని పై మొహాన్ని గాజు చేసుకున్నాయి.

నమక్వాలాండ్ సముద్రపు ఒడ్డు ఇసుకలో ఫెనెస్ట్రేరియా అని ఒకటుంది. పసిపాప కాలివేళ్ళు గుత్తిగా ఇసుకలోంచి పైకి చూస్తున్నట్టు ఉంటుంది. ఒక్కొక్క వేలి కొసా చిన్న అద్దం బిళ్ళ. దాని కింద పచ్చదనం లేని నీటి కండ, స్వచ్ఛంగా. పచ్చదనమంతా కింద, ఇసుకలో ఉన్న గోడల లోపలి వైపున పూత పూసినట్టు ఉంటుంది. వెలుతురు పైకప్పులోంచి దిగి, నీళ్ళలో చెదిరి, మెత్తబడి గోడలకి చేరుతుంది. పాత పెంకుటిళ్ళలో వంటింటి కప్పుకి ఒక గాజు పెంకు పెట్టేవారు గుర్తుందా? మా అమ్మమ్మ గారింట్లో ఆ గాజు పెంకు కింద పడ్డ ఎండ బిళ్ళని బట్టే బియ్యం ఎప్పుడు పొయ్యి మీద పెట్టాలో చూసుకునేవారు. ఫెనెస్ట్రేరియా ఆకు నాకు అచ్చం ఆ వంటిల్లే.

హవర్థియా ట్రంకేటా ఇంకో రకం. ఊట్స్‌హోర్న్ చుట్టుపక్కల, లిటిల్ కరూ అనే ప్రాంతానిది. ట్రంకేటా అంటే నరికినది. దళసరి ఆకులు రెండు వరసల్లో నిలబడి, కొసలన్నీ ఒకే మట్టాన కత్తితో తెగ్గోసినట్టు ఉంటాయి. అక్కడివాళ్ళు గుర్రప్పళ్ళంటారు. తెగిన మొహం మీద మసక గాజు. కరువొస్తే దీని వేళ్ళు ముడుచుకుని మొక్కనే నేలలోకి లాక్కుంటాయి, పళ్ళ కొసలు మాత్రం మట్టి మట్టానికి మిగులుతాయి. ఇది కలబంద కుటుంబం. మనిళ్ళలో గడపకి వేలాడదీసే కలబందకి ఈ గుర్రప్పళ్ళు పినతల్లి బిడ్డలు. లితాప్స్, ఫెనెస్ట్రేరియా మాత్రం వేరే కుటుంబం. వానాకాలంలో మన జొన్నచేలల్లో దళసరి ఆకులతో పరుచుకునే గలిజేరు ఉంది చూశారా, దాని వైపు చుట్టాలు. అంటే కిటికీ పెట్టుకోవడమనే ఆలోచన ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నది కాదు. సంబంధం లేని రెండు వంశాలకి ఒకే ఎండ ఒకే ఉపాయం నేర్పింది.

గలిజేరు చుట్టాల సంగతి ఇంకొక్కటి. దక్షిణాఫ్రికాలో ఆ కుటుంబపు ముఖ్యమైన శాఖలో పదిహేను వందల పైచిలుకు జాతులున్నాయి. అవన్నీ గత 90 లక్షల ఏళ్ళ లోపే విడివడి పుట్టాయని 2004లో కేప్‌టౌన్ శాస్త్రవేత్తలు జన్యువులు చదివి తేల్చారు. మొక్కల లెక్కల్లో 90 లక్షల ఏళ్ళంటే నిన్న సాయంత్రం.

ఇవన్నీ చూడ్డానికి మనం అంత దూరం పోనక్కర్లేదు. మా ఊళ్ళో ప్యాసింజరు బండి ఎక్కి కడియంలో దిగితే నర్సరీలే నర్సరీలు. అక్కడ జీబ్రా ప్లాంటు అని చిన్న కప్పులో అమ్మేది హవర్థియా వంశమే. 2013లో పంపకాలై దానికి వేరే ఇంటిపేరొచ్చింది గానీ అమ్మేవాళ్ళు పాత పేరే వాడతారు. ముత్యాల దండలా వేలాడే స్ట్రింగ్ ఆఫ్ పెరల్స్ కూడా దక్షిణాఫ్రికాదే. ఈసారి చూసినప్పుడు ఒక ముత్యాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, కొస నుంచి తొడిమ దాకా సన్నటి గీత ఒకటి మెరుస్తుంది. అది కిటికీ. ఇక అదృష్టానికని గుమ్మం పక్కన పెట్టుకునే జేడ్ మొక్క. మన నర్సరీల్లో ఆ పేరుతో ఎక్కువగా ఇచ్చేది పోర్చులకేరియా, అసలు జేడ్ కాదు. ఈస్టర్న్ కేప్‌లో అది ఏనుగుల మేత. అదృష్టం ఏనుగుదో మనదో నాకు తెలీదు.

మా అమ్మాయి, అల్లుడు కంపెనీ పని మీద రెండేళ్ళు కేప్‌టౌన్లో ఉన్నారు. సెప్టెంబరు మొదట్లో వెళ్ళాం. మనకి వానాకాలమైతే అక్కడ చలి వదిలే రోజులు. "టేబుల్ మౌంటెన్ చూద్దాం నాన్నా" అంది అమ్మాయి. చూశాం. కానీ నా కళ్ళు ఉత్తరం వైపు ఉన్నాయి. ఓ శనివారం అల్లుడు కారు తీశాడు. ఎన్7 రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు పోతే వాన్‌రైన్స్‌డోర్ప్ అనే చిన్న ఊరు, అది దాటితే క్నెర్స్‌ఫ్లాక్టె. పళ్ళు పటపటలాడించే మైదానం అని ఆ మాటకి అర్థం. వెనక బళ్ళ చక్రాలు రాళ్ళ మీద అలా కిర్రుమనేవిట.

కారు దిగితే మంచు పడిందేమో అనిపించింది. నేలంతా పలుగురాళ్ళు. గోళీకాయంతవి, నిమ్మకాయంతవి, ఎండకి తెల్లగా మెరుస్తూ కనుచూపు మేర. మొక్క అన్నది లేదు. మేం వెళ్ళింది ఓ గొర్రెల ఫారంలోకి, ముందే మాట్లాడుకుని. ఆసామి అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ దాకా నిక్కరు. కారు దిగగానే ఆయన అడిగిన మొదటి మాట ఫోన్ల గురించి. కెమెరాలో లొకేషన్ ఆపమన్నాడు. ముగ్గురి ఫోన్లూ తానే చూసి, ఆగిందని నిర్ధారించుకున్నాకే గేటు తీశాడు. రెండో మాట, తాను అడుగు వేసిన చోటే మమ్మల్నీ వెయ్యమన్నాడు.

పది అడుగులు నడిచి ఆగి, నేల చూపించాడు. నాకేం కనపడలేదు. మా ఆవిడ నా కన్నా ముందు చూసింది. బియ్యంలో రాళ్ళేరిన కళ్ళు కదా, ఇక్కడ రాళ్ళలోంచి బియ్యం ఏరడం, అంతే తేడా. "అదుగో, అది రాయి కాదు" అంది వేలు పెట్టి. తర్వాత ఒకటి, పక్కన ఇంకొకటి, చూస్తుండగా కళ్ళ ముందు నేలంతా మొక్కలైపోయింది. మా చెప్పుల చుట్టూ జానెడు జాగాలో పాతిక దాకా ఉన్నాయి. వెండి బూడిద రంగులో, నున్నగా, రెండు చెక్కలుగా, గుండ్రంగా. ఆర్గిరోడెర్మా. వెండి చర్మం అని గ్రీకు పేరు. ఆసామి వాటి ఆఫ్రికాన్స్ పేరు చెప్పాడు: బాబాబౌకీస్. అర్థం అమ్మాయి అడిగి చెప్పింది, పసిపిల్లల పిర్రలని. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఆ తర్వాత ఆ పేరు తప్ప వేరే పేరు ఆవిడ నోట రాలేదు.

పలుగురాయి మీద మొక్కలెందుకు? ఎండని అది అద్దంలా తిప్పి కొడుతుంది. అందుకని ఆ తెల్ల మడుల్లో నేల పక్క మట్టికన్నా చల్లగా ఉంటుంది. నేల పైన రెండు వేళ్ళ ఎత్తులో బతికేవాటికి ఆ కాస్త తేడాయే బతుకు. ఒక తెల్ల మడిలో ఉన్న జాతి, నడిచి పోగలిగే దూరంలోని ఇంకో మడిలో ఉండకపోవచ్చు. కొన్నిటి ప్రపంచం మొత్తం మన ఊరి చెరువంత మేర.

ఆసామి ఒక చచ్చిన మొక్క మీది ఎండుకాయని గిల్లాడు. చెక్కముక్కలా ఉంది, బటాణీ గింజంత. అరచేతిలో పెట్టుకుని, సీసాలోంచి నాలుగు చుక్కలు పోశాడు. మేం నలుగురం తలలు దగ్గర పెట్టి చూస్తున్నాం. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత పైన గీతలు పడ్డాయి. గీతల వెంట చిన్న చిన్న తలుపులు లేచాయి. గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా, కానీ కంటికి తెలిసేలా, ఒక్కో తలుపూ వెనక్కి వంగి, రెండు మూడు నిమిషాల్లో కాయ పువ్వైపోయింది. గదుల్లో విత్తనాలు, ఇసుక నలుసుల్లా. వాన చినుకు ఆ గదిలో పడితే దెబ్బకి విత్తనం చిమ్మి అవతల పడుతుంది. వాన తగ్గి ఎండ కాస్తే తలుపులు మళ్ళీ మూసుకుంటాయి. మిగిలిన విత్తనాలు పై వానకి. మొక్క బతికుండక్కర్లేదు. తలుపు అడుగున ఒక పొర నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, దాని తోపుడుకి తలుపు తెరుచుకుంటుంది, అంతే యంత్రం. ఏళ్ళ నాటి కాయ కూడా తడిపితే తెరుచుకుంటుంది. ఆసామి దాన్ని గాలికి ఆరబెట్టి, మూసుకున్నాక తీసిన చోటే, తీసిన రాయి పక్కనే పెట్టాడు. విత్తనాలు మాకివ్వలేదు. మేం అడగలేదు.

లొకేషన్ గురించి ఆయన పట్టుదలకి కారణం తిరుగు దారిలో టీ తాగుతూ చెప్పాడు. 2019 నుంచి ఆ ప్రాంతాన్ని మొక్కల దొంగలు పట్టుకున్నారు. ముఖ్యంగా కోనోఫైటమ్ అనే బటన్ల లాంటి చిన్న మొక్కల కోసం. కోవిడ్‌లో ఇళ్ళలో కూచున్న జనానికి, ముఖ్యంగా తూర్పాసియా వైపు, కుండీ మొక్కల మోజు పెరిగింది. ఫోటో చూసి ఆర్డరిచ్చేవాళ్ళు ఒక దేశంలో, దళారులు ఇంకో దేశంలో, స్క్రూడ్రైవరు పట్టుకుని ఎండలో తవ్వేది పని దొరకని పల్లెల కుర్రాళ్ళు. ఆ తర్వాతి అయిదేళ్ళలో దక్షిణాఫ్రికా అధికారులు పట్టుకున్నవే పది లక్షలకి పైగా మొక్కలు, దాదాపు 650 జాతులు. పట్టుబడనివి ఎన్నో ఎవరు లెక్క చెప్పగలరు? పిడికెడు కోనోఫైటమ్ గుత్తి అవ్వడానికి దశాబ్దాలు పడుతుంది. దొరికిన వాటిని తిరిగి పాతుదామంటే, ఏ మడిలోవి ఏవో తెలీదు. పైగా పెట్టెల్లో మగ్గిన మొక్క వెంట తెగులు వస్తుందేమోనని భయం. అందుకని చాలావాటిని ప్రభుత్వ తోటల షెడ్లలో ట్రేల్లో పెట్టి సాకుతున్నారు. ఊరొదిలిన జనాన్ని కల్యాణమండపంలో పెట్టినట్టు.

నాకు ఇక్కడ కొంచెం సిగ్గేసింది. మోజు పడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణే కదా. ఇప్పుడు కొనేముందు మొక్క వయసూ, ఒళ్ళూ చూస్తాను. విత్తనం నుంచి నర్సరీలో పెరిగినవి ఒకే సైజులో, నున్నగా, శుభ్రంగా ఉంటాయి. అడవి నుంచి తవ్వినవాటికి మచ్చలుంటాయి, పాత ఎండు పొరలు దొంతరలుగా ఉంటాయి, వేరు తెగి ఉంటుంది, ఒక్కోటి ఒక్కో సైజు. అమ్మేవాడు విత్తనం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పలేకపోతే నేను కొనను.

మా కోస్తా గాలికి ఇవి పడవన్నది వేరే మాట. చెమట పట్టే ఊళ్ళో ఎడారి మొక్కని పెంచడమంటే ఉప్పుని విప్పి వసారాలో పెట్టుకోవడమే. హైదరాబాదులో, అనంతపురంలో కాస్త నయం. మొదటిసారి పెంచేవాళ్ళు లితాప్స్ జోలికి పోవద్దు. జీబ్రా హవర్థియాతో మొదలెట్టండి, అది మన నిర్లక్ష్యాన్నీ మన జాలినీ రెండింటినీ ఓర్చుకుంటుంది. నీళ్ళు ఎప్పుడు పొయ్యాలని అడిగితే నేను ఒకటే చెబుతాను: పొయ్యాలనిపించిన రోజున కుండీలో వేలు గుచ్చి చూసి, అడుగు దాకా పొడిగా ఉన్నా ఇంకో మూడు రోజులు ఆగండి.

నా లెస్లియై ఇప్పుడు ఒంటరి కాదు. ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ పువ్వు పూసింది గానీ కాయ కట్టలేదు. దాని పుప్పొడి దానికి పనికిరాదు, వేరే మొక్కది కావాలి. పోయిన ఏడాది హైదరాబాదులో ఒకాయన తన విత్తనాలతో పెంచిన జోడు మొక్కని ఇచ్చారు, పెళ్ళికొడుకుని ఇచ్చినట్టు ఇచ్చారు. రెండూ ఒకేసారి పూయాలి కదా. మొన్న నవంబరులో పాతది విచ్చింది. ఆరు రోజులు పూసి వాడింది. వాడేలోపు మా మనవరాలి రంగుల పెట్టెలోంచి సన్న బ్రష్షు తీసుకుని పుప్పొడి అద్ది, అగ్గిపెట్టెలో పెట్టి, బియ్యపు డబ్బాలో దాచాను. పాతది వాడిన మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి కొత్తది విచ్చింది. బ్రష్షు తెచ్చేసరికి మా ఆవిడ భూతద్దం పట్టుకుని నా కుర్చీలో కూచుని ఉంది.

"నీళ్ళేమైనా పోశావా?" అన్నాను.

"పొయ్యలేదు లెండి. త్వరగా కానివ్వండి, నాలుగయితే మూసుకుంటుంది" అంది.

అద్దాను. పువ్వు వాడి పదిహేను రోజులైంది. కింద కాయ ఉబ్బిందా, లేక నాకే అలా అనిపిస్తోందా అని రోజూ చూస్తున్నాను. ఉబ్బిందనే మా ఆవిడ అంటోంది.